మూల కోసిన కవర్లు

మొన్న ఒకరోజు, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న డాక్టరు తన ఆసుపత్రికి రమ్మని పిలిచి, కొత్తగా వచ్చిన కంప్యూటర్లు చూపించాడు. తెర మీద ఒక బాబు తలలోని గడ్డ ఉంది. మందు ఇవ్వకముందు తీసిన స్కాన్ ఎడమ పక్క, ఇచ్చిన తరవాత తీసింది కుడి పక్క. ఒక మీట నొక్కితే రెండూ ఒకే కోణంలో వచ్చి కుదురుకున్నాయి. ఇంకో మీట నొక్కితే గడ్డ ఎంత తగ్గిందో అంకెల్లో వచ్చేసింది. "మీ రోజుల్లో ఎలా పోల్చేవారు మేడమ్?" అని అడిగాడు పాపం, మర్యాదకే. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. తెప్పించిన కాఫీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను. తను అన్నదాంట్లో తప్పేముందో తెలియక అతను ఇప్పటికీ తికమక పడుతూనే ఉంటాడు. అతని కోసమే ఇది రాస్తున్నాను. అతని వయసు వాళ్లు మిగతావాళ్లు కూడా చదివితే మంచిదే.

మా రోజుల్లో ఎలా పోల్చేవాళ్లమంటే, చాలాసార్లు పోల్చేవాళ్లమే కాదు. పక్కన పెట్టి చూడటానికి పాత ఫిల్ము ఉంటే కదా!

ఎనభైల మధ్యలో నాకు పాతబస్తీలోని ఒక పెద్ద ఆసుపత్రికి బదిలీ అయింది. ఎక్స్‌రే విభాగంలో అసిస్టెంటు డాక్టరు ఉద్యోగం. నేను పుట్టి పెరిగింది మాదన్నపేటలోనే. బిడ్డ ఇంటిదగ్గరికే వచ్చిందని మా అమ్మ కూరగాయల మార్కెట్లో కనబడ్డవాళ్లందరికీ చెప్పి మురిసిపోయింది. ఆసుపత్రికి తలను స్కాన్ తీసే యంత్రం వచ్చి అప్పటికి ఎంతోకాలం కాలేదు. ప్రారంభం రోజు వేసిన పూలదండ ఎండిపోయి ఇంకా ఆ గదిలో మేకుకు వేలాడుతూనే ఉంది. దాన్ని తీసే అధికారం ఎవరిదో ఎవరికీ తెలియదు.

యంత్రం గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. తలను అడ్డంగా పలచగా తరిగితే లోపల ఎలా కనిపిస్తుందో అది అలా చూపిస్తుంది. ఆ బొమ్మల్ని గళ్లుగళ్లుగా ఒక పెద్ద ఫిల్ము మీదకి ఎక్కించేవాళ్లం. యంత్రంలో దాచుకునే చోటు తక్కువ కాబట్టి కొత్త రోగి వస్తే పాత రోగిని చెరిపేసేవాళ్లం. అంటే మిగిలేది ఫిల్ము ఒక్కటే. దాన్ని రోగి చేతికి ఇవ్వకూడదు, అది ఆసుపత్రి ఆస్తి అని నియమం. ఖాకీ కవర్లో పెట్టి ఫిల్ముల గదికి పంపేవాళ్లం. ఆ గదిని చూసుకునేది ఒక పెద్దాయన. అందరూ చాచా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. గడ్డానికి గోరింట, జేబులో ఎప్పుడూ ఒక లావుపాటి సూది. ఫిల్ము కవరు మారిపోతే కష్టమని, ప్రతి ఫిల్ము అంచున ఆ సూదితో నంబరు లోతుగా గీసేవాడు. పద్ధతి గల మనిషి. ఎంత పద్ధతిగా ఏం పని చేసేవాడో నాకు తరవాత తెలిసింది.

నేను చేరిన కొద్ది వారాలకు ఒక పిల్ల స్కాన్‌కు వచ్చింది. ఏడేళ్లుంటాయేమో. బహదూర్‌పురాలో జూ గోడకు ఆనుకున్న బస్తీలో ఇల్లు. నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. అమ్మ మాదన్నపేట మార్కెట్లో ఆకుకూరలు కొని, బుట్టలో పెట్టుకుని తమ బస్తీలో అమ్ముకునేది. పిల్ల తలకు ఎర్ర రుమాలు కట్టి ఉంది. రేడియేషన్‌కు వెనకవైపు జుట్టంతా రాలిపోయింది.

నేను రాకముందే దాని కథ చాలా నడిచింది. పొద్దున లేస్తే వాంతులు, నడిస్తే గోడ పట్టుకుని తూలడం. స్కాన్ తీస్తే చిన్నమెదడులో గడ్డ అని తేలింది. తీసేస్తే ప్రాణానికే ప్రమాదమని, ఆపరేషన్‌లో పరీక్షకు చిన్న ముక్క మాత్రం తీసి వదిలేశారు. తరవాత వారాల తరబడి రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు గడ్డ తగ్గిందో లేదో చూడాలి.

తగ్గితే ఇంజెక్షన్ల మందు మొదలుపెడతారు. అది ఖరీదైన మందు, ఆసుపత్రికి కొద్దిగా వచ్చేది. ఎవరికి ఇవ్వాలో గురువారం గురువారం పెద్ద డాక్టర్లు కూర్చుని తేల్చేవాళ్లు. స్కాన్ రిపోర్టులో "తగ్గింది" అని ఉంటే మందు. "తగ్గలేదు" అని ఉంటే తల్లికి నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పంపడం. ఇంటికి పంపితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

పిల్ల మాత్రం భయపడలేదు. యంత్రం గుండ్రటి నోరు చూసి, "డాక్టరమ్మా, గిది మొత్తుకుంటదా?" అని అడిగింది.

"కొంచెం చప్పుడైతది. భయపడ్తవా?"

"మా ఇంటి ఎన్క సింహం మొత్తుకుంటది తెల్లారంగ. దాని కంటె ఎక్కువనా?"

"అంత లేదు బిడ్డా."

"గట్లయితె ఫికర్ లేదు," అని రుమాలు విప్పి తనే పడుకుంది.

ఫిల్ము కడిగి చూశాను. గడ్డ ఉంది, చుట్టూ వాపు కూడా ఉంది. రేడియేషన్ ఇచ్చిన కొత్తలో ఆ వాపు మామూలే, దాన్ని చూసి గడ్డే పెరిగిందనుకునే ప్రమాదం ఉంది. ఇప్పుడు గడ్డ ఎంతో తెలుసు. మొదట్లో ఎంత ఉండేదో తెలియాలి. మొదటి స్కాన్‌కు రిపోర్టు రాసిన ఆయన నేను రాకముందే బదిలీ మీద వెళ్లిపోయాడు. "పెద్ద గడ్డ" అని మాత్రం రాసి వెళ్లాడు. ఎంత పెద్దదో కొలిచి రాసే అలవాటు అప్పుడు మా దగ్గర లేదు. సరే, పాత ఫిల్మే పక్కన పెట్టుకుని చూద్దామని చాచాను పిలిచి కవరు తెమ్మన్నాను.

చాచా వెళ్లి, ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు.

"లేదమ్మా. అది మూల కోసిన కవరు. పోయింది."

"మూల కోసిన కవరంటే ఏంది చాచా?"

"అదే అమ్మా. మనిషి చచ్చిపోయిండని వార్డు నుంచి ఖబర్ వస్తె, కవరు మూల కత్తెరతోని కోస్త. కోసినయి ముందు అమ్ముడు పోతయి. జాగా లేదు గద లోపల. సాల్‌కొక్కసారి చాందీ తీసెటోళ్లు వచ్చి తూకమేసి కొంటపోతరు."

ఫిల్ము మీద నలుపంతా వెండే. పాత ఫిల్ముల్ని మందునీళ్లలో నానబెట్టి ఆ వెండి తీసుకునే వ్యాపారం పాతబస్తీలో ఉంది. అది నాకు తెలుసు. నాకు తెలియనిది, బతికున్న పిల్ల కవరు ఎందుకు కోశారన్నది.

"చచ్చిపోయినోళ్లవి కోస్తే కోసినవు. ఈ పిల్ల బయట బెంచీ మీద కూసోని బిస్కెట్ తింటుంది కదా?"

చాచా నా మొహం కేసి చూశాడు. నిజంగానే నాకు ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూశాడు.

"ఇది వేరే అమ్మా. పిల్లల తలకాయల గడ్డ ఉంటె, కవరు వచ్చిన్నాడే కోస్తం. ఎట్లయినా బతకరు గదా అని పెద్దసారు హుకుం. నేను రాకముందు, వట్టి ఎక్స్‌రేల కాలం నుంచే ఉన్నది."

నేను ఆ మాటను ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాను. స్కాన్ తీసిన రోజే, ఆపరేషన్ కాకముందే, రేడియేషన్ మొదలుకాకముందే, ఆ పిల్ల చచ్చిపోయినట్టు కవరు మూల కోసేశారు! ఆ తరవాత తల్లి రోజూ రెండు బస్సులు మారి రేడియేషన్‌కు తీసుకొచ్చింది. అందరూ ఆమెకు ధైర్యం చెప్పారు. ఒకవైపు వైద్యం చేస్తూ, ఇంకోవైపు ఆ వైద్యం పనిచేసిందో లేదో చూడటానికి ఉన్న ఒక్క ఆధారాన్నీ తూకానికి అమ్మేసుకున్నారు. ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది.

నేరుగా పెద్దసారు గదికి వెళ్లాను. మెదడు ఆపరేషన్ల విభాగానికి ఆయన అధిపతి. చేతి పని గొప్పది, అందులో సందేహం లేదు. ఆ చేతి పని చూసే ఊరంతా ఆయన్ను నెత్తిన పెట్టుకుంది. ఆయనకు ఎదురు మాట్లాడేవాళ్లు లేకపోవడం ఆయన చేతికి మేలు చేసిందేమో గాని, మిగతా మనిషికి మేలు చేయలేదు.

"సార్, ఆ పిల్ల పాత ఫిల్ము అమ్మేశారట."

"ఏ పిల్ల?"

చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "చూడమ్మా, ఫిల్ముల గది మ్యూజియం కాదు. ప్రతి కేసూ దాచుకుంటూ పోతే రేపు మనం వరండాలో కూర్చోవాలి."

"చచ్చిపోయినవాళ్లవి అమ్మండి సార్. బతికున్న పిల్ల కదా!"

"ఇలాంటి పిల్లలు ఎంతమంది మళ్లీ స్కాన్‌కు వస్తారు, నువ్వే చెప్పు."

"రమ్మంటే కదా సార్ వచ్చేది. రారని ముందే అనుకుని ఫిల్ము తీసేస్తే, వచ్చినా రానట్టే కదా."

ఆయనకు నా గొంతు నచ్చలేదు. "సెంటిమెంటు వద్దు. గడ్డ ఇంకా ఉంది కదా? ఉంది. పెద్దగానే ఉంది కదా? ఉంది. తగ్గలేదు అని రాసెయ్యి. ఇంకో కేసుకైనా మందు మిగుల్తుంది."

"పాత ఫిల్ము చూడకుండా నేను రాయలేను సార్."

"అయితే గురువారం లోపల చూసి రా," అన్నారు నవ్వుతూ. లేని ఫిల్మును చూసి రమ్మనడం ఆయనకు హాస్యంగా తోచింది.

రేడియేషన్ విభాగంలో ఒక పెద్ద డాక్టరు ఉండేవారు, రిటైర్‌మెంటుకు దగ్గరపడిన మనిషి. పొట్టిగా, సన్నగా, ఎప్పుడూ ఎవరితోనో గొడవ పెట్టుకుంటూ కనిపించేవారు. ఆ పిల్లకు రేడియేషన్ ఇచ్చింది ఆయనే. ఆయనకు సంగతి చెబితే ముందు నమ్మలేదు. తరవాత బల్ల మీద పేపర్‌వెయిట్ తీసి గోడకేసి విసిరారు. ఆ గోడకు అలాంటి దెబ్బలు చాలా ఉన్నాయి.

"నడవలేని పిల్ల నడుస్తోంది అమ్మాయ్! నా కళ్లతో చూశాను. మొన్న మెట్లెక్కి వచ్చింది. తగ్గకపోతే ఎలా నడుస్తుంది?"

"అదే వాళ్లకు చెబుదాం సార్."

"చెబితే వింటారా? మధ్యలో వాపు తగ్గించే బిళ్లలు కూడా ఇచ్చాం. నడక వాటివల్లే అంటారు, అలా అనడానికి వీలుంది కూడా. నాకు ఫిల్ము కావాలి. ఎవరికి అమ్మారో కనుక్కో. ఇంకా నానబెట్టి ఉండరేమో."

మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక చాచాను వెంటబెట్టుకుని రిక్షా ఎక్కాను. చార్‌కమాన్ దాటి వెండి దుకాణాల మధ్య గల్లీలోకి తిరిగితే, ఒక పాత ఇంటి వెనక పెరట్లో ఉంది ఆ కార్ఖానా. సేట్ వాళ్ల తాతల కాలం నుంచి అక్కడే వ్యాపారం. తెల్ల ధోవతి, మెత్తటి మాట. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఆయియే డాక్టరమ్మా, కూసోండ్రి. చాయ్ చెప్త."

"చాయ్ వద్దు సేట్‌జీ. మా ఆసుపత్రి ఫిల్ములు ఏవి?"

"మీ దగ్గరి మాల్ మొన్ననే వచ్చింది. సగం అయిపోయింది, సగం నడుస్తుంది. ఏమైంది? మీ వాళ్లే తూకమేసి ఇచ్చిన్రు. మా దిక్కు నుంచి ఏం ఘపలా లేదమ్మా."

అతని దిక్కు నుంచి నిజంగానే ఏ తప్పూ లేదు. పెరట్లోకి తీసుకెళ్లాడు. సిమెంటు తొట్లు వరసగా ఉన్నాయి, ముక్కు మూసుకునేంత ఘాటు. ఒకడు కర్రతో ఫిల్ముల్ని తిప్పుతున్నాడు. వెండి దిగిపోయిన ఫిల్ములు తీగల మీద ఉతికిన బట్టల్లాగా ఆరుతున్నాయి, లేత నీలంగా, అవతలి గోడ కనిపించేంత తేటగా. ఎవరి ఛాతీయో, ఎవరి విరిగిన కాలో, అన్నీ ఒకటే రంగు. అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు ఆరిన అట్టల్ని కత్తిరిస్తున్నారు. జరీ పనివాళ్లు డిజైన్ గుచ్చుకోవడానికి కొన్ని, గాజుల డబ్బాల మూతలకు కొన్ని పోతాయని సేట్ చెప్పాడు. ఏదీ వృథా కాదమ్మా అని సంతోషంగా చెప్పాడు.

ఖాకీ కవర్లు ఒక మూల వేరే కుప్పగా ఉన్నాయి, కిరాణా పొట్లాలకు పోయే సరుకు. చాచా ఆ కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్కటీ తీశాడు. ఆ చిన్నపిల్ల కవరు దొరికింది. మూల చక్కగా, ఐమూలగా, పద్ధతిగా కోసి ఉంది. దాని మీద నంబరు చూసి, తొట్లలో, తీగల మీద వెతకడం మొదలుపెట్టాం. సేట్ పని ఆపించి మనుషుల్ని కూడా సాయం పెట్టాడు. ఇంకా నానబెట్టని బస్తాలు అన్నీ విప్పాం. వాటిలో లేదు.

తీగ మీద దొరికింది. చాచా గీసిన నంబరు అంచున అలాగే ఉంది, సూది గీత ప్లాస్టిక్ లోపలి దాకా దిగింది కాబట్టి మందునీళ్లకు పోలేదు. మిగతాది అంతా పోయింది. చాచా దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. ఎంత చూసినా అవతలి గోడే కనిపించింది.

"సార్ కోయమంటె కోసిన అమ్మా," అన్నాడు మెల్లగా. "బచ్చీ రోజు సలాం చేస్తది నాకు, పోయేటప్పుడు. నేను దీన్నే కోసిన్నని నాకే ఎరుక లేదు."

ఆయన్ను అని లాభం లేదు. అనవలసినవాళ్లు వేరే ఉన్నారు. మూల కోసిన పిల్లల కవర్లన్నీ ఏరి, ఆ నీలం అట్టతో పాటు మూట కట్టించుకుని ఆసుపత్రికి తిరిగి వచ్చాను. రేడియేషన్ డాక్టరుగారు కవర్ల మీద పేర్లు ఒక్కొక్కటే చదువుతూ, కొన్ని వేరుగా పెట్టడం మొదలుపెట్టారు.

"వీడు పోయాడు. ఈ అమ్మాయి కూడా పోయింది. వీడు... వీడు ఈరోజు పొద్దునే వచ్చాడు! వాళ్ల నాన్న సైకిల్ మీద తీసుకొచ్చాడు. నాతో కొట్లాడి చాక్లెట్టు తీసుకున్నాడు." ఇంకో రెండు కవర్లు తీశారు. "ఈమె బతికే ఉంది. వీడూ బతికే ఉన్నాడు. ఎవరే అమ్మాయ్ వీళ్లు చచ్చిపోయారన్నది?"

గురువారం వచ్చింది. పొడుగు బల్ల చుట్టూ పెద్ద డాక్టర్లు, మధ్యలో సూపరింటెండెంటుగారు. ఫిల్ముల అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టేది ఆయనే. గోడకు ఫిల్ములు చూసే లైటు పెట్టె ఉంది. ఆ పిల్ల వంతు రాగానే నేను లేచి, కొత్త ఫిల్మును కుడివైపు పెట్టాను. ఎడమవైపు ఆ నీలం అట్టను పెట్టి లైటు వేశాను.

తెల్లటి వెలుగులో ఆ అట్ట మెరిసిపోతోంది, అంచున నంబరు మాత్రం కనిపిస్తోంది.

"ఏమిటిది?" అన్నారు పెద్దసారు.

"పాత ఫిల్ము సార్. గురువారం లోపల చూసి రమ్మన్నారు. చూసి వచ్చాను. వెండి దుకాణంలో ఉంది."

"వాట్ నాన్సెన్స్! ఇందులో ఏముంది?"

"ఏమీ లేదు సార్. అందుకే తగ్గిందనీ రాయలేను, తగ్గలేదనీ రాయలేను. మీరు పోల్చి చెప్పండి, నేను రాసుకుంటాను."

ఆయన మొహం ఎర్రబడింది. "ఇది అడ్మినిస్ట్రేషన్ సంగతి. వైద్యం గురించి మాట్లాడు."

అప్పుడు లేచారు మా పొట్టి డాక్టరుగారు. చంకలో మూట ఉంది. మూల కోసిన కవర్లను బల్ల మీద కుమ్మరించి, బతికున్న పిల్లలవి వేరు చేసి సూపరింటెండెంటు ముందుకు తోశారు. "వైద్యం గురించే మాట్లాడుకుందాం. వీళ్లంతా నా దగ్గరికి రోజూ వస్తున్నారు. వీళ్లను చంపేసింది రోగం కాదు, కత్తెర. నేను చేసే వైద్యం పనిచేస్తోందో లేదో నాకు తెలియకుండా చేశారు. పనిచేస్తే ఎలా తెలుస్తుంది? పనిచేయకపోతే ఎలా తెలుస్తుంది? మీరు ముందే తేల్చేశాక ఇంక నేనెందుకు, ఆ యంత్రం ఎందుకు, దానికి దండ ఎందుకు?"

"మరి ఇప్పుడేం చేద్దామంటారు?" అన్నారు సూపరింటెండెంటు, కవర్ల కేసి చూస్తూ.

"ఈ పిల్లకు మొన్న తీసిన ఫిల్మే మొదటి ఫిల్ము అనుకుందాం. మందు మొదలుపెట్టి, వాపు దిగేదాకా ఆగి మళ్లీ స్కాన్ తీద్దాం. అప్పుడు పోలుద్దాం. తగ్గకపోతే నేనే ఆపేస్తాను, నేనే తల్లికి చెబుతాను."

పెద్దసారు ఏదో అనబోయారు. సూపరింటెండెంటు చెయ్యెత్తి ఆపారు. మందు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అది దయ అని మీరు అనుకుంటే పొరపాటు. ఆ నీలం అట్ట ఏ పత్రికాఫీసుకో చేరుతుందేమోనని ఆయన చూపు మాటిమాటికీ లైటు పెట్టె మీదకి పోవడం నేను చూశాను. ఒక పిల్ల ప్రాణం ఆ భయం మీద నిలబడింది. నాకు ఈ సంగతి తలుచుకుంటే ఆనందం రాదు, కోపమే వస్తుంది.

మందుకు పిల్ల బాగా నలిగింది. వాంతులు, నోట్లో పుళ్లు, మిగిలిన జుట్టు కూడా పోయింది. ఒకసారి జ్వరం వచ్చి అందరం హడలిపోయాం. వాపు దిగే గడువు దాటాక మళ్లీ స్కాన్‌కు వచ్చింది. అదే కోణం, అదే ఎత్తు ఉండేలా నేనే పక్కన నిలబడి తీయించాను. ఫిల్ము ఇంకా తడిగా ఉండగానే లైటు పెట్టె మీద పెట్టి స్కేలుతో కొలిచాను. ఒకసారి కొలిస్తే నమ్మకం కలగక మళ్లీ కొలిచాను. గడ్డ సగానికి పైగా తగ్గిపోయింది. రేడియేషన్ డాక్టరుగారు వచ్చి, నా చేతిలోంచి స్కేలు లాక్కుని తనూ కొలిచారు. ఆ రోజు ఆయన దేన్నీ విసరలేదు.

తల్లిని లోపలికి పిలిచాను. బుట్ట గుమ్మం దగ్గర పెట్టి, కాళ్లు తుడుచుకుని వచ్చింది. రెండు ఫిల్ములూ పక్కపక్కన చూపించాను.

"చూడు అక్కా. ఇది సూది మందు ఇయ్యక ముందు. ఇది ఇప్పుడు. ఎంత చిన్నగైందో చూడు."

ఆమె వేలు పెట్టి ముట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, మళ్లీ చూసింది.

"మరి మొట్టమొదలు తీసింది గూడ పెట్టుండ్రి డాక్టరమ్మా. కరెంటు పెట్టక ముందుది. అప్పుడు ఎంత ఉండెనో అది గూడ జూస్త." రేడియేషన్‌ను బస్తీలో కరెంటు పెట్టడమనే అంటారు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. పక్కనున్న టెక్నీషియన్ నాకు సైగ కూడా చేశాడు. కాని ఆ గదిలో అప్పటికే చాలా అబద్ధాలు జరిగాయి. బీరువాలోంచి నీలం అట్ట తీసి ఆమె చేతికిచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాను. మూల ఎందుకు కోస్తారో కూడా చెప్పాను. చాచా గుమ్మంలో తల దించుకుని నిలబడ్డాడు.

పిల్ల ఆ అట్టను లాక్కుని కంటికి అడ్డం పెట్టుకుని, "అమ్మా, నువ్వు నీలంగ కొడ్తున్నవే," అని నవ్వింది. తల్లి దాన్ని మెల్లగా వెనక్కి తీసుకుంది.

"నా బిడ్డ తలకాయల ఎంత ఎండి ఎల్లింది డాక్టరమ్మా?" అని అడిగింది.

అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. మార్కెట్లో ధర అడిగినట్టు వెండి లెక్క అడిగింది, అంతే. తరవాత లైటు పెట్టె మీది రెండు ఫిల్ములూ తనే తీసింది. నీలం అట్టను వాటి పైన పెట్టి, అన్నీ చుట్టచుట్టి బుట్టలో గోంగూర కింద దూర్చింది.

"ఇంక ఇవి మీ దగ్గర ఉంచ. మల్ల ఫోటో తీసేటప్పుడు నేనే తెస్త."

ఫిల్ములు బయటికి పోకుండా ఆపడం చాచా ఉద్యోగం. ఆయన పక్కకు జరిగి, తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల అలవాటు ప్రకారం ఆయనకు సలాం చేసి వెళ్లింది.

ఆ తరవాత మూలలు కోయడం ఆగింది. ఆపమని కాగితం మీద హుకుం వచ్చింది. కొన్నాళ్లకు అలాంటి కవర్ల మీదే ఎర్ర పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు కనిపించడం మొదలైంది. దాని మీద మళ్లీ ఇంకో కొట్లాట. పెద్దసారు ఆ పిల్ల కేసును ఒక సభలో చెప్పుకున్నారు, తమ విభాగం సాధించిన విజయంగా. స్లయిడ్లు తయారుచేసుకుంటూ నాకు కబురు పెట్టారు, వైద్యానికి ముందు తీసిన ఫిల్ము ఒకటి కావాలని. అది వాళ్ల అమ్మ దగ్గర ఉంది, బహదూర్‌పురా వెళ్లి అడిగి తెచ్చుకోండి సార్ అన్నాను. ఆయన వెళ్లలేదు.

ఆ పిల్ల బతికింది. చెవి కొంచెం మందగించింది, ఎత్తు అంతగా పెరగలేదు, చదువు మెల్లగా సాగింది. అయినా బతికింది. మూల కోసిన మిగతా పిల్లల్లో చాలామంది బతకలేదు. వాళ్లలో ఎవరికి వైద్యం పనిచేస్తూ ఉండిందో, ఎవరికి మధ్యలో ఆపేశామో నాకు ఎప్పటికీ తెలియదు. తెలుసుకునే ఆధారం జరీ పూలకు అచ్చు అయి, గాజుల డబ్బాలకు మూత అయి పోయింది. మీ రోజుల్లో ఎలా పోల్చేవారు మేడమ్ అని నన్ను అడిగితే నేను కాఫీ ఎలా తాగను?

నేను అక్కడ పనిచేసినన్నాళ్లూ ఆ తల్లి పిల్లను స్కాన్‌కు తెస్తూనే ఉంది. ఫిల్ములు బుట్టలోనే వచ్చేవి, బుట్టలోనే పోయేవి. చుట్ట ఏటేటా లావైంది. ఆమెను చూసి మిగతా తల్లులు కూడా ఫిల్ములు ఇవ్వడం మానేశారు. నియమం నియమంలాగే ఉంది, దాన్ని ఎవరూ లెక్కచేయలేదు. ఫిల్ములు వరసగా లైటు పెట్టె మీద పెట్టేటప్పుడు ఆమె పక్కనే నిలబడి, ముందు ఆ నీలం అట్టను పెట్టించేది. నాకు అలవాటైపోయింది. ఒకసారి కొత్తగా చేరిన కుర్ర డాక్టరు దాన్ని చూసి, "ఇది ఖాళీ ఫిల్ము అమ్మా, ఇందులో ఏం లేదు," అని తీసి పక్కన పడేయబోయాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యి సారూ. మీరు జేసింది అండ్లనే కనబడ్తది."